పంటి కింద దారం

పుట్టికి ముందు లేదు, వెనక లేదు.
గుండ్రటిదానికి దిక్కేంది?
తెడ్డు ఒక్క పక్కకే వేస్తె ఇసుర్రాయి లెక్క తిరుగుతది.
దాన్ని సక్కగ నడిపేది నేను గాదు,
నలభై బారలు జారిన తంగూసు దారం.
అది ఎటు గుంజితె అటు వెనక.
తక్కినదంత ముందు.

సోమశిల రేవుకు ఇంక తెల్లారలే.
కార్తీకం ఎల్లినంక నీళ్లు తేటవడ్డయి.
తెడ్డు కర్రకెల్లి చలి అరచేతులకు ఎక్కుతున్నది.
ఎదురుంగ నల్లమల
సగం గీసి ఇడిసిన బొగ్గు బొమ్మ.

నాకు ఎదురుంగ కుర్మయ్య మామ.
ఆయన నోట్లకెల్లి దారం
నా చెవి పక్కకెల్లి సన్నగ గుయ్యిమనుకుంట
వెనక నీళ్లల్లకు పోతున్నది.

ఒకప్పుడు సూపుడువేలికి ఒక్క సుట్టు,
గంతే.
జెల్ల మూతి ఆనిస్తె జెల్ల అనేటోడు.
వాలుగ ఎంటవడ్డదంటె
ఇంక కొరకకముందే
"వస్తున్నది, నిమ్మళం, నిమ్మళం" అనేటోడు.
షుగర్ వచ్చి వేళ్లు మొద్దువారినయి.
పోయినేడాది మాఘంల దారం వేలును కోస్తుంటె
నెత్తురు జూసి ఒర్రింది నేను.
ఆయన మాత్రం
ఎవలి వేలో అన్నట్టు జూసిండు.

తెల్లారి నుంచి దారం పండ్ల నడుమకొచ్చింది.
వేలు మరిసింది పన్ను యాదుంచుకుంటదట.

గాలం మీద మెరిసేది మా అత్త చెంచా.
నా పెండ్లికి పెట్టిన డజను స్టీలు చెంచాలు,
ఒక్కోదాని వీపు మీద సుక్కలు సుక్కలుగ
"కొ. బాలకిష్టమ్మ".
కాడ కోసి, కొల్లాపూర్ల సైకిల్ షాపోనితోని బొక్క కొట్టిచ్చి
ఒక్కొక్కటే తెచ్చిండు మామ.
తొమ్మిది నీళ్లపాలైనయి.
మునిగిన చింత మొద్దులు గుంజుకున్నయి కొన్ని,
అలివి వలలు తెంపుకపోయినయి కొన్ని.
"నన్ను తొమ్మిది తావుల ముంచిన్రు గదనే"
అంటది అత్త
బియ్యం ఏరుకుంట, నవ్వకుండ.

ఒడ్డు మీద మామ నోరు మూతవడదు.
సర్పంచును తిడుతడు, మేకను తిడుతడు,
టీవీల వాన సంగతి చెప్పే పిల్లను తిడుతడు.
పుట్టి ఎక్కినంక మాట లేదు.
పండ్లు ఇడిస్తె దారం పోతది.
కనుబొమ్మలతోని చెప్తడు.
ఎడమది లేస్తె జోరు తగ్గించు.
రెండు కలిస్తె లోతు వచ్చింది, ఆగకు.
జోరైతె చెంచా పైకి తేలుతది,
ఆగితె అడుగుకు పోయి పంటది.
ముసలెద్దు నడక గావాలె.

అమరగిరి మలుపు దాటినంక
రెండు కనుబొమ్మలు ఎన్నడు లేనంత పైకి పోయినయి.
తల నా దిక్కు గుంజుకొచ్చింది,
మెడ నరాలు తేలినయి.
తెడ్డు ఇడిసి దారం అందుకున్న.
పుట్టి గిర్రున తిరిగింది.
గుట్ట ఒకపారి, రేవు ఒకపారి, మామ మొఖం ఒకపారి,
మల్ల గుట్ట.
మొద్దు గాదు. మొద్దు ఊకె ఉంటది.
ఇది ఆలోచన చేస్తున్నది.
గుంజుతది, ఆగుతది, మనం ఏం జేస్తమో జూస్తది.

ఏడు కిలోలు ఉంటదేమో.
తడిసిన తాళ్లసొంటి మీసాలు,
నోటి నిండ సూది పండ్లు,
ఆ పండ్ల నడుమ అత్త పేరు,
సుక్కలల్ల ఒక్కటి గూడ చెరగలే.

మామ ఉమ్మిండు.
ఎర్రగ కొంచెం, అండ్ల తెల్లగ ఒక ముక్క.
ముందటి పన్ను.
పుట్టి అడుగున దొర్లుకుంట పోయి
వాలుగ పక్కన ఆగింది.
నాలుకతోని ఆ సందును తడిమి తడిమి జూసుకున్నడు.
తెడ్డు తన ఒళ్లెకు గుంజుకున్నడు.
చెంచా నీళ్లల్లకు ఇడిసి, దారం నా దిక్కు చాపిండు.
"వేలికి గాదు పిల్లా. నోట్లె పెట్టు."

చలి. పాచి. ఆయన ఎంగిలి.
తర్వాత శానసేపు ఏం లేదు.
తర్వాత ఏడనో దూరాన,
చెవుల గాదు, దవడ ఎముకల,
టిక్కుటిక్కుమని ఒక సప్పుడు,
నీళ్ల అడుగున ఎవలో
చక్కెర లేని చాయ కలుపుతున్నట్టు.